నల్ల పట్టీల డబ్బా

చండూరు రాజేందర్ నోట "ఏమో" అనే మాట విన్నవాళ్ళు లేరు. వానొస్తుందా అని అడిగితే వస్తుందనో రాదనో తేల్చి చెప్పేవాడే గానీ, మబ్బును చూసి తల గోక్కునే రకం కాదు. చెప్పినవన్నీ జరిగాయని ఎవరూ అనరు. కాకపోతే జరిగినవాటిని మళ్ళీ మళ్ళీ చెప్పి, జరగనివాటిని జనం మర్చిపోయేలా చేయడం అతనికి బాగా తెలుసు. ఊళ్ళో అలాంటివాడు ఒకడైనా ఉండాలి. లేకపోతే హోటళ్ళ దగ్గర మాటలు సాగవు.

బస్టాండు దగ్గర, ఎరువుల దుకాణానికీ టిఫిన్ సెంటరుకూ మధ్య ఇరుకైన షట్టరు అతనిది. తెలంగాణ వచ్చిన ఏడాది తెరిచాడు. ముందు భాగంలో సెల్‌ఫోన్ల రిపేరు, వెనక తెర కట్టి నాలుగు టీవీలు, వాటికి తగిలించిన నాలుగు వీడియో గేమ్ పెట్టెలు. ఊరంతా వాటిని డబ్బాలంటుంది. కాలేజీ పిల్లలు ఆడతారు, ఆటో డ్రైవర్లు ఆడతారు. ప్రభుత్వ బడిలో ఆటలు నేర్పే సాల్మన్ సార్ బడి వదలగానే వచ్చి టీవీ ముందు ఫుట్‌బాల్ ఆడతాడు. పొద్దంతా పిల్లలకు చెప్పిన సూత్రాలన్నీ తనే తప్పి, ఓడి, రిమోటును తిట్టి వెళ్ళిపోయి, మర్నాడు మళ్ళీ వస్తాడు.

రాజేందర్‌కు ఆడటం మీద అంత మోజు లేదు. అతని మోజంతా ఇంకా రాని డబ్బా మీద. కంపెనీలు కొన్నేళ్ళకోసారి కొత్త డబ్బా తయారు చేస్తాయి. తెర మీద చూపించే రోజు వరకూ దాని రూపురేఖలు బయటికి పొక్కనివ్వవు. ఆలోగా లోకమంతా ఊహలే. నిలబడుతుందా, పడుకుంటుందా? గాలి రంధ్రాలు వెనకా, పక్కనా? డిస్కు దూర్చే సందు ఉంచుతారా, తీసేస్తారా? రాజేందర్ దీని కోసం "ముందే చెప్తున్న" అని ఒక చానెల్ పెట్టుకున్నాడు. రిపేరు బల్ల మీద ఫోను నిలబెట్టి, దాని ఎదుట కూర్చుని, డబ్బా తన పెద్దమ్మ ఇంట్లోనే తయారవుతున్నంత ధీమాగా చెప్పేవాడు. కరీంనగర్ నుంచీ దుబాయి నుంచీ కుర్రాళ్ళు అన్నా అన్నా అంటూ అడిగేవారు.

పోయినసారి డబ్బాకు ఒక ముచ్చట ఉంది. డబ్బాల మీద తొడిగే కవర్లు కుట్టే కంపెనీ ఒకటి కొత్త కవరు కొలతలను తొందరపడి బయటపెట్టింది. అందరూ పొడవూ వెడల్పూ చూసి ఊరుకున్నారు. రాజేందర్ మాత్రం ఒక మూలన కవరు వదులుగా ఉందని పట్టుకున్నాడు. "గా మూలకు ఫ్యాను పెట్టిండ్రు. గాలి బయటికి రానీకి జాగా ఇడిసిండ్రు. రాసి పెట్టుకోండ్రి" అన్నాడు. డబ్బా వచ్చింది. ఫ్యాను ఆ మూలనే ఉంది. ఆ వీడియో ముక్కను అతను ఇప్పటికీ అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చూపిస్తుంటాడు.

ఈ విద్య అతనికి ఫోన్లో పట్టుబడలేదు, పద్మశాలీల వాడకట్టులో పట్టుబడింది. వాళ్ళది చిటికి చీరలు నేసే ఇల్లు. చిటికి పనిలో నూలును నేయకముందే డిజైను ప్రకారం రంగేస్తారు. నూలును చట్రానికి బిగించి, డిజైను ఉన్న చోటల్లా సైకిలు ట్యూబును సన్నగా కోసిన నల్ల రబ్బరు పట్టీలు గట్టిగా చుట్టి, రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు పట్టదు, తెల్లగానే ఉండిపోతుంది. కట్లు విప్పి నేస్తే ఆ తెలుపే పువ్వవుతుంది, ఏనుగవుతుంది. కొత్త డిజైను వేసిన ఇంటివాళ్ళు మొదటి చీర మగ్గం నుంచి దించేదాకా అదేమిటో చెప్పరు. చెబితే పక్కింట్లో తెల్లారేసరికి అదే చీర తయారు. కానీ కట్టిన నూలు ఇంటిముందు ఎండాలి కదా! దండెం మీది నల్ల కట్లు చూసి లోపల ఏముందో చెప్పడం వాడకట్టులో అందరికీ ఆట. ఆ ఆటలో రాజేందర్‌ను మించినవాడు లేడు. నిక్కరు వేసుకునే వయసులోనే పెద్దవాళ్ళు చెయ్యి పట్టుకుని తీసుకుపోయి "రాజిగా, గిది చూసి చెప్పురా" అనేవారు. ఒక్కసారి చూసి "చిలుకలు, ఎదురెదురుగ" అనేవాడు. చిలుకలే అయ్యేవి. ఆ ఇంటివాళ్ళ తిట్లు కూడా అతనికే దక్కేవి.

చూపు అంతటిది. చెయ్యి మాత్రం రాలేదు. అతను కట్టిన కట్టు వదులయ్యేది, రంగు లోపలికి పాకేది, ఏనుగు తొండం వాచిపోయి కాలులా కనిపించేది. తండ్రి గండయ్య తిట్టే మనిషి కాడు. అందుకే ఆయన ఒకనాడు మెల్లగా "నీకు కండ్లున్నయ్ కొడుకా, చేతులు లెవ్వు" అంటే, అది తిట్టు కన్నా గట్టిగా తగిలింది. ఆ ఏడే రాజేందర్ నల్లగొండ పోయి టీవీల రిపేరు నేర్చుకున్నాడు. మగ్గం గదిలోకి మళ్ళీ అడుగు పెట్టలేదు. పెళ్ళిళ్ళలో ఎవరైనా "ఏం పని" అని అడిగితే "ఎలక్ట్రానిక్స్" అనేవాడు. నేత పని నాయినతోనే ఆఖరు అని నలుగురిలో చెప్పడం అతనికి ఒక గర్వం. తండ్రి నడుం వంగడం, మోకాళ్ళు పట్టేయడం కళ్ళారా చూశాడు. ఆ బాధ తన బిడ్డకు రానివ్వనని మనసులో ఒట్టు పెట్టుకున్నాడు. ఈ విషయంలో అతన్ని తప్పుపట్టాలనుకునేవాళ్ళు ముందు ఒక వారం మగ్గం మీద కూర్చుని, తర్వాత మాట్లాడాలి.

ఆ బిడ్డ ఉష. ఒక్కతే కూతురు. డిగ్రీ అయిపోయింది. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సుకు రాజేందర్ అన్నీ మాట్లాడి పెట్టాడు. హాస్టల్లో మంచం కూడా కిటికీ పక్కదే కావాలని అడిగి మరీ ఖాయం చేశాడు. తీరా బట్టలు సర్దుకోవాల్సిన సమయంలో ఉష అన్నం తింటూ, పప్పు వెయ్యమన్నంత మామూలుగా చెప్పింది.

"బాపూ, నేను అమీర్‌పేట పోను. తాత మగ్గం మీద కూసుంట. నా మనసుల ఒక డిజైను ఉన్నది."

రాజేందర్ ముద్ద కంచంలో పెట్టేశాడు. "ఏం డిజైను?"

"చెప్తే అయితదా? చీర దించినంక చూద్దువు."

"నేను చూడను. నువ్వు కూసోవు. మీ తాత నడుం చూస్తలేవా?"

"చూస్తున్న. తాత చేతులు గూడ చూస్తున్న."

గండయ్య తలెత్తలేదు. మజ్జిగ తాగి లేచిపోయాడు. అంగన్‌వాడీ టీచరైన ఉష తల్లి ఉమారాణి ఇద్దరి ముఖాలూ చూసి, బడిలో పిల్లలకు చెప్పినట్టు "ముందుగాల తినుండ్రి" అంది. ఆ రోజు నుంచి ఇంట్లో ఇదే రగడ. రాజేందర్ గట్టిగా వద్దంటాడు, ఉష మెత్తగా పోనంటుంది. మెత్తగా పోననే పిల్లతో వేగడం ఎంత కష్టమో కన్నవాళ్ళకే తెలుసు. బలవంతంగా బస్సెక్కిద్దామంటే అతనికి మనసొప్పదు. ఒప్పించి పంపుదామంటే, ఊరందరినీ ఒప్పించే నోరు ఈ పిల్ల దగ్గర పనిచేయడం లేదు.

సరిగ్గా అప్పుడే ఆ ఫోటో బయటికొచ్చింది.

కొత్త డబ్బా వస్తుందని రెండేళ్ళుగా నానుతున్న మాటే. ఏదో ఫ్యాక్టరీలో పరీక్షల కోసం పెట్టిన డబ్బాను ఎవడో దొంగచాటుగా ఫోటో తీసి వదిలాడు. మసక ఫోటో. బల్ల మీద, మసకలో నీలంగా కనిపించే పొడుగాటి పెట్టె, దాని ఒంటి చుట్టూ అక్కడక్కడ నల్లటి పట్టీలు చుట్టి ఉన్నాయి. లోకంలోని కళ్ళన్నీ ఆ పట్టీల మీద పడ్డాయి. కొందరు వేడి తట్టుకునే తొడుగన్నారు, కొందరు రవాణాలో గీతలు పడకుండా అన్నారు.

రాజేందర్ ఫోటోను ఒక్కసారి చూశాడు. ఛాతీలో ఏదో తలుపు తెరుచుకున్నట్టయింది. ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఇది రంగు కోసం కట్టిన కట్టు. పట్టీలు చుట్టి మీద రంగు కొడతారు, పట్టీ తీస్తే కింద తెల్ల గీత. ముదురు నీలం డబ్బా, ఒంటి నిండా తెల్ల చారలు. సాయంత్రానికల్లా వీడియో చేశాడు.

"అందరు ఏందేందో అంటున్నరు. నేను ముందే చెప్తున్న. గా పట్టీలు తొడుగు గాదు, మన్ను గాదు. పట్టీ కింద తెలుపు ఉన్నది. నీలం మీద తెల్ల చారల డబ్బా వస్తాంది. రాకుంటే నన్ను అడుగుండ్రి."

అంతటితో ఆగితే అతను రాజేందర్ ఎందుకవుతాడు? అట్ట ముక్కలు కోసి, ఫోటోలో ఉన్న లెక్కన డబ్బా బొమ్మ చేశాడు. నీలం రంగు కొట్టి, తెల్ల చారలు తీర్చి, షట్టరు పక్కన గాజు అల్మారాలో పెట్టాడు. ఇంకా పుట్టని డబ్బాను చండూరు బస్టాండులో చూడటానికి మునుగోడు నుంచి కూడా కుర్రాళ్ళు వచ్చారు. సాల్మన్ సార్ దాని పక్కన నిలబడి ఫోటో దిగాడు. బొమ్మ అందంగా ఉందన్నది మాత్రం నిజం. అసలు కంపెనీవాళ్ళు చూసినా ముచ్చట పడేవారు.

ఒక మధ్యాహ్నం ఉష తండ్రికి సద్ది తెచ్చింది. సద్ది గిన్నె బల్ల మీద పెట్టి, అల్మారాలోని బొమ్మను అటు తిరిగి ఇటు తిరిగి చూసి, నవ్వింది.

"బాపూ, గిది తప్పు."

"ఏది తప్పు?"

"గీ తెల్ల చారలు ఉండయ్. డబ్బా మొత్తం ఒక్కటే రంగు ఉంటది."

లోపల ఆడుతున్న సాల్మన్ సార్ ఆట ఆపి తెర పక్కకు జరిపి చూశాడు. రాజేందర్‌కు కోపం రాలేదు, జాలేసింది.

"బిడ్డా, చీకట్ల నూలు చూసి చిలుకా నెమలా చెప్పినోణ్ణి. నా మాట మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉన్నది. గీ మాట మీద లేదు."

"ఎందుకు లేదు?"

"ఎందుకో నాకు తెల్సు. చెప్పను."

అప్పుడు రాజేందర్‌కు ఒక ఆలోచన వచ్చింది, దానికి తనే మురిసిపోయాడు. తను గెలవడం ఎలాగూ ఖాయం. బలవంతం చేసిన పాపం తనకు అంటకుండా, పిల్ల తనంతట తాను ఓడి బస్సెక్కుతుంది. ఇంతకన్నా సులువైన దారి దేవుడు కూడా చూపించడు.

"అయితే పందెం ఎయ్యి. చారలు ఉన్నయనుకో, మూటముల్లె సర్దుకొని అమీర్‌పేట బస్సెక్కాలె. మల్ల మగ్గం మాట ఎత్తొద్దు."

"లేకుంటె?"

"లేకుంటె మగ్గం మీద కూసో. నేను అడ్డం రాను."

ఆలోచించుకుంటానంటుంది అనుకున్నాడు. ఉష వెంటనే చెయ్యి చాపింది. "సాల్మన్ సారూ, మీరే సాక్షి." సాల్మన్ సార్ బడిలో పోటీలకు ఈల వేసేవాడిలా గంభీరంగా తలూపాడు.

ఇంట్లో తెలిశాక ఉమారాణి ఒంటికాలి మీద లేచింది. "పిల్ల బతుకు తీస్కపోయి డబ్బా మీద పెడ్తివా? నీకేమన్న సోయి ఉన్నదా?"

"ఓడేదుంటె గద ఫికర్" అన్నాడు రాజేందర్.

"నువ్వు సరే. దానికేమైంది? అది గూడ గట్లనే అంటాంది!"

"నా బిడ్డ గద, ఎటు పోతది" అన్నాడు, అందులో గర్వపడాల్సిందేమీ లేకపోయినా.

గండయ్య అరుగు మీద కూర్చుని ఇదంతా విన్నాడు. మాట ఇచ్చుకున్నారు కాబట్టి తాను చెప్పేదేమీ లేదన్నాడు. కానీ ఫోటో చూస్తానని చెయ్యి చాపాడు. రాజేందర్ ఫోనులో పెద్దది చేసి చూపించాడు. ముసలాయన ఫోనును దూరంగా పట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని, ముఖం చిట్లించాడు.

"గిది కట్టినోడెవడు కొడుకా? గింత వంకర కట్టిండేంది?"

"వాళ్ళు మనోళ్ళు గారు నాయినా. మిషన్ల మీద చేసేటోళ్ళు. వాళ్ళకు వంకరా సక్కనా ఏముంటది" అని రాజేందర్ ఫోను తీసేసుకున్నాడు. ఆ మాట చెవిలో పడింది గానీ తలకెక్కలేదు. గెలవబోయే మనిషి చెవులు అలాగే ఉంటాయి.

ఆ తర్వాతి రోజుల్లో అతని ధీమా ఇంకా పెరిగింది. హాస్టలుకు ఫోన్ చేసి, కిటికీ పక్క మంచం ఎవరికీ ఇవ్వొద్దని ఇంకోసారి చెప్పాడు. ఉషకు కొత్త సూట్‌కేసు కొన్నాడు. ఉష దాన్ని చూసి "మంచిగున్నది బాపూ, నూలు పెట్టుకోనీకి పనికొస్తది" అంది. అతను పడీ పడీ నవ్వాడు. ఇంట్లో ఇద్దరు మనుషులు ఇంత నమ్మకంగా ఎదురుచూస్తుంటే నడుమ ఉమారాణికి మాత్రం అన్నం సహించలేదు.

కంపెనీ డబ్బాను చూపించే సాయంత్రం రానే వచ్చింది. దుకాణంలో కాలు పెట్టే సందు లేదు. నాలుగు టీవీల్లోనూ అదే పెట్టారు. సాల్మన్ సార్ ముందు వరసలో, ఉష గోడకానుకుని, రాజేందర్ అందరికీ ఎదురుగా, అట్ట డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తెర మీద పొగ, వెలుతురు, గుండెలు అదిరే సంగీతం. కంపెనీ పెద్దాయన ఎవరో వచ్చి ఏదో చెప్పి పక్కకు తప్పుకున్నాడు.

డబ్బా తిరుగుతూ పైకి లేచింది.

మొత్తం ఒకటే రంగు. షాబాదు బండలాంటి బూడిద రంగు. చార కాదు కదా, గీత కూడా లేదు. ఫోటోలో పట్టీలు ఉన్న చోట కంపెనీ పేరు ఒకచోట, అంకెల ముద్ర ఒకచోట, మరలు బిగించిన గుంటలు ఒకచోట ఉన్నాయి. బయటివాళ్ళకు తెలియకుండా వాటి మీద ఎవరో టేపు అతికించారు, అంతే.

సాల్మన్ సార్ మంచి మనిషి. "రాజన్నా, ఎనుక దిక్కు ఇంక చూపియ్యలే" అన్నాడు. వెనక వైపు కూడా చూపించారు. అదీ బూడిద రంగే.

"లైటు ఎక్కువ పెట్టిండ్రు" అన్నాడు రాజేందర్. "లైటు తగ్గితె చారలు కనవడ్తయ్." ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు ఎప్పటిలాగే గట్టిగా ఉంది. వినేవాళ్ళు మాత్రం అతని వైపు చూడలేకపోయారు.

ఉష ముందుకొచ్చి తన ఫోనులో ఆ పాత ఫోటో తీసి తండ్రి పక్కన కూర్చుంది.

"బాపూ, జర గీ పట్టీల నడుమ సందు చూడు. ఇక్కడ వేలెడు, గిక్కడ బెత్తెడు. గీ కొన పైకి పోయింది, గిది కిందికి జారింది. రంగు కోసం కట్టేటోడు గిట్ల కడ్తడా? కొలత లేకుంట కట్టిండంటె దాచిపెట్టనీకి కట్టిండు. రంగు కోసం గాదు."

రాజేందర్ చూశాడు. నిజమే. గుడ్డివాడికి కూడా కనిపించేంత నిజం.

"మొన్న అడిగినప్పుడే గీ మాట చెప్పొద్దా?"

"చెప్తె నువ్వు మాట మార్చుకుందువు. ఇగ పందెమెట్లుంటది?"

దుకాణం గొల్లుమంది. సాల్మన్ సార్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. రాజేందర్ కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఎక్కడో సముద్రాల అవతల ఎవడో ఒక పెట్టెకు నాలుగు టేపు ముక్కలు అతికిస్తే తనకు కనిపించింది చిటికి కట్టు. లోకంలో ఇంకెవరికీ కనిపించనిది తనకే ఎందుకు కనిపించింది? నేత పని వదిలేశానని ఊరంతా డప్పు కొట్టుకున్న మనిషి కళ్ళకు ఇన్నేళ్ళ తర్వాత కూడా నేత తప్ప ఏదీ కనిపించడం లేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు అడుగున, ఎందుకో చెప్పలేని సంతోషం కూడా వేసింది. ఓడినందుకు సంతోషపడటం అతనికి అలవాటు లేదు, అందుకని ఎవరికీ కనబడనివ్వలేదు.

ఇంటికొచ్చాక అతను ఏమంటాడా అని అందరూ చూశారు. అతను కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. ఉషే ముందు మాట్లాడింది.

"బాపూ, ఒక మాట. పందెం గెల్సిన గని, నీ మనసుల లేకుంట నేను మగ్గం మీద కూసోను. నువ్వు నొచ్చుకుంట తిరుగుతుంటె నా చెయ్యి ఆడది. పొమ్మంటె రేపే అమీర్‌పేట పోత. ఏడ్వను గూడ."

అతను ఓడిపోయిన ఆటను పిల్ల తిరిగి అతని చేతిలోనే పెట్టింది. ఒక్క మాటంటే చాలు. ఇన్నాళ్ళూ కోరుకున్నది జరిగిపోతుంది. గెలిచిన పిల్లే ఒప్పుకుంటోంది కాబట్టి ఎవరూ తప్పు కూడా పట్టరు. రాజేందర్ నోటి దాకా వచ్చింది కూడా.

కానీ ఫోటోలోని కొలతల మాట అతన్ని వదల్లేదు. అంత కొలత ఊరికే చూస్తే రాదు, చేత్తో కట్టి కట్టి ఉంటేనే వస్తుంది. చూడటంలో తనకన్నా మొనగాడు లేడు, తనకే రాలేదు.

"చెయ్యి చూపియ్యి" అన్నాడు.

ఉష దాచుకోబోయి, చాపింది. బొటనవేలూ చూపుడువేలూ రబ్బరు లాగి లాగి కాయలు కాచాయి. గోరు కింద పాత నీలం రంగు, ఎంత రుద్దినా పోనిది. పిడికిలి విప్పితే వేళ్ళ మధ్య సన్నటి గాట్లు.

"ఎన్నాళ్ళ సంది?"

"డిగ్రీ రెండో ఏడు సంది. నువ్వు దుకాణం పోయినంక తాత నేర్పిండు."

రాజేందర్‌కు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఎవరో దాచిపెట్టిన డబ్బాలో ఫ్యాను ఏ మూలన ఉందో ఇక్కడ కూర్చుని చెప్పగలిగినవాడు, రోజూ తన పక్కన కూర్చుని అన్నం తినే బిడ్డ వేళ్ళు చూడలేదు. తన కంట్లో పడని డిజైను ఈ వాడకట్టులో ఒక్కటీ లేదనుకున్నాడు. అది తన ఇంట్లోనే, తన కంచం పక్కనే కట్టుకుంటూ వచ్చింది.

"నాయినా" అన్నాడు గండయ్య వైపు తిరిగి, "నీ మనుమరాలికి చేతులున్నయే!"

"ఉన్నయ్" అన్నాడు గండయ్య. "నేను చెప్తె నువ్వు ఇంటవా?"

తెల్లారి రాజేందర్ రెండు పనులు చేశాడు. మొదటిది వీడియో. అట్ట డబ్బాను పక్కన పెట్టుకుని, ఎప్పటిలా ఛాతీ విరుచుకుని, "చారల మాట తప్పు. నూటికి నూరుపాళ్ళు తప్పు. గీ తప్పు ఇంకెవ్వడు చెయ్యలేడు, నేనే చేసిన" అని చెప్పాడు. ఓడిపోయినట్టు చెప్పడంలో కూడా అతనే మొదటి స్థానం కొట్టేశాడు. రెండోది హాస్టలుకు ఫోను. కిటికీ పక్క మంచం ఇంకెవరికైనా ఇచ్చేయమన్నాడు. అమ్మాయికి ఉద్యోగం వచ్చిందా అని అవతలావిడ అడిగితే, "మాది నేసే ఇల్లమ్మా. ఇంటి పనే చూసుకుంటది" అన్నాడు. ఆ మాట బయటివాళ్ళతో అనడం అతనికి అదే మొదటిసారి.

తర్వాత మగ్గం గదిలోకి నడిచాడు. గుమ్మం దగ్గర ఒక క్షణం ఆగి, లోపలికి పోయాడు. వాళ్ళది గుంట మగ్గం. నేసేవాళ్ళు నేలమట్టానికి కూర్చుని, కాళ్ళు గుంటలోకి దించి, అడుగునున్న చెక్కలు తొక్కుతూ నేయాలి. ఆ గుంట గండయ్య తన కాళ్ళకు సరిపోయేలా తవ్వుకున్నది. రాజేందర్ ఉషను పిలిచి కూర్చోమన్నాడు. కూర్చుంటే మోకాళ్ళు పైకి లేచి ముందున్న మగ్గం పలకకు తగిలాయి.

"గిట్ల కూసుంటె నెల దినాలల్ల నడుం పోతది" అన్నాడు. "నాయినా, పిల్ల నీ కన్న పొడుగు. గుంట లోతు చెయ్యాలె."

"రేపు ఎవర్నన్న పిలుద్దాం తియ్యి" అన్నాడు గండయ్య.

"ఎవరెందుకు? నేను లేనా?"

తొక్కే చెక్కలు విప్పి పక్కన పెట్టాడు. లుంగీ పైకి కట్టి, గడ్డపార పట్టుకుని గుంటలోకి దిగాడు. పొద్దెక్కింది. స్క్రూడ్రైవరు తప్ప పట్టని చేతులు బొబ్బలెక్కాయి. దుకాణం తెరవలేదేమని సాల్మన్ సార్ ఫోన్ చేశాడు. "ఏం రాజన్నా, సిగ్గయి మూసినవా?" అంటే, "సిగ్గెందుకు సార్, మగ్గం పనిల ఉన్న" అన్నాడు. గుమ్మంలో నిలబడి వింటున్న గండయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

మట్టి ఎత్తిపోసి, అడుగు చదును చేసి, చెక్కలు మళ్ళీ బిగించి, రాజేందర్ పైకెక్కి కంటితో కొలిచాడు. "సరిపోయింది. కూసో" అన్నాడు, ఎప్పుడూ చెప్పేటంత గట్టిగా.

ఉష కూర్చుని కాళ్ళు దించింది. చెక్క తొక్కి చూసింది. ఒకటికి రెండుసార్లు తొక్కింది.

"లేదు బాపూ. ఇంక రెండు వేళ్ళు దింపాలె."

రాజేందర్ ఏదో అనబోయాడు. పిల్ల మోకాలి వంక చూశాడు. గడ్డపార అందుకుని మళ్ళీ గుంటలోకి దిగాడు.